దొంతిలో కింది కుండ

ఈ సంగతి ఇన్నేళ్లూ రాయకపోవడానికి సిగ్గే కారణమని చెప్పుకోవచ్చు. కానీ సిగ్గుకంటే ముందు ఇంకొకటి ఉంది. నాకు రాయడం వచ్చేది కాదు. బడులు మూతబడి పిల్లలంతా సెల్‌ఫోన్లో పాఠాలు విన్న రోజుల్లో మా మనవరాలు మూడో తరగతి. దాని అమ్మా నాయనా పనికి పోతే, ఫోను పట్టుకొని పక్కన కూర్చోవడం నా పని. ఫోన్లోనుంచి టీచరు "అందరూ రాయండి" అంటే అది వంగి రాసుకొనేది. ఒకరోజు తలెత్తి నన్ను చూసి, "అందరూ అంటే నువ్వు గూడా అవ్వా" అన్నది. అట్ల మొదలైంది. ఒత్తులు నాకు చానా రోజులు లొంగలేదు. ఇప్పటికీ 'క్ష' రాయాలంటే ముందు గాల్లో వేలితో గీసి చూసుకుంటాను.

ఇప్పుడు ఆ మనవరాలు పెద్దదైంది. దానికి పురుగుల పిచ్చి పట్టింది. దాని గదిలో బట్టల అర ఖాళీ చేసి ప్లాస్టిక్ డబ్బాలు పేర్చింది. మూతలకు సూది కాల్చి బొక్కలు పెట్టింది. ఒక డబ్బాలో వందకాళ్ల రోకలిబండ పురుగులు. ఒక దాంట్లో ముట్టుకుంటే చిన్న ఉండ మాదిరి చుట్టుకొనే బూడిదరంగు పురుగులు, అవి కొరియర్లో వచ్చినాయి. వాటికి కొబ్బరిపొట్టు, ఎండుటాకులు, దంచిన కోడిగుడ్డు పెంకులు. పొద్దునా సాయంత్రం నీళ్లు చిలకరిస్తుంది. మా కోడలు ఆ గది ముందు నిలబడి, "ఇది ఇల్లు కాదత్తా, పుట్ట. రేపు ఎవరైనా ఈ పిల్లను చూసుకోను వస్తే ముందు ఆ డబ్బాలు చూపిస్తా, వాళ్లే పోతారు" అంటుంది. "పోతే పోనీ మా, నా డబ్బాలకు చోటు మిగుల్తుంది" అని లోపలినుంచి జవాబు.

మొన్న పెంటదిబ్బలో దొరికిన కొమ్ముపురుగుల జంట గుడ్లు పెట్టింది. తెల్లగా, సగ్గుబియ్యం మాదిరి ఉన్నాయి. మనవరాలు ఒక చీటీ తెచ్చి, "అవ్వా, నీ అక్షరాలు గుండ్రంగా ఉంటాయి. 'గుడ్లు ఉన్నాయి, ముట్టుకోవద్దు' అని రాసియ్యి, అమ్మ చిమ్మేటప్పుడు డబ్బా కదిలిస్తాంది" అన్నది.

'గుడ్లు' వరకు రాసినాను. చెయ్యి ఆగిపోయింది.

"ఏందవ్వా, ఒత్తు మరిచిపోయినావా?"

మరిచిపోలేదు. చీటీ పూర్తి చేసి ఇచ్చినాను. తర్వాత దానినే కాగితాలు అడిగి తీసుకొని ఇది రాస్తున్నాను.

మాది మార్కాపురం అవతల, పలకల గనులకు దగ్గర్లో ఒక పేట. నాయన గనిలో రాయి తీసేవాడు. అమ్మ పలకల ఫ్యాక్టరీలో పలకలు నున్నగా రుద్దేది. నీళ్లు పోసి రుద్దేటప్పుడు బూడిదరంగు బురద వస్తుంది. దానికొక వాసన ఉంది, వాన పడ్డ బండ వాసనా, ఇనుము వాసనా కలిసినట్ల. అమ్మ చీరె ఎన్ని సార్లు ఉతికినా ఆ వాసన పోయేది కాదు. సాయంత్రానికి అది ఎండి అమ్మ కనురెప్పల మీద పొడిగా నిలిచేది. ఎక్కడెక్కడి పిల్లలో అ ఆలు దిద్దుకొనే పలకలన్నీ మా పేటలోంచే లారీలెక్కి పోయేవి. మాకు మాత్రం పలకంటే పని. చట్రాలకు మేకులు అందించడం, పగిలినవి ఏరి కుప్ప పోయడం పిల్లల వంతు. ఆకలేసినప్పుడు మెత్తటి రాతిముక్క ఒకటి నోట్లో వేసుకొని నమిలేవాళ్లం. బడి పిల్లలు బలపాలు తిన్నట్ల.

వానలు పడి తుమ్మచెట్లు చిగురు పట్టినప్పుడు బంగారు పురుగులు వచ్చేవి. అవి ఎట్లుంటాయో చూడనివాళ్లకు చెప్పడం కష్టం. బొటనవేలంత పురుగు. ఎండలో తిప్పితే పచ్చగా, నీడలో పెడితే నీలంగా, మళ్లీ ఎండకు పెడితే ఇత్తడి మాదిరి మెరిసేది. చేతిమీద పెట్టుకుంటే కాళ్లకున్న కొక్కేలతో చర్మాన్ని పట్టుకొని, విడిపించబోతే కితకితలు పెట్టేది. నాయన గనినుంచి వచ్చేటప్పుడు తలగుడ్డ కొసకు రెండు మూడు ముడేసి తెచ్చేవాడు. ముడి విప్పగానే తుమ్మాకు వాసన గుప్పుమనేది. "ఇదిగో, నీకు నగలు చేపిచ్చినా" అనేవాడు. "నీ నాయన తెచ్చే బంగారం ఇదే, జాగ్రత్తగా దాచుకో" అని అమ్మ పొయ్యికాడినుంచి ఎకసెక్కమాడేది.

మా వీధి చివర గాజులమ్మే సాయిబు కూతురు నా జతగత్తె. అది బడికి పోయేది. దానికి పురుగులంటే ఆశ, చెట్టెక్కాలంటే భయం. నేను చెట్టెక్కి పురుగులు తెస్తే అది పగిలిన గాజుముక్కలు ఇచ్చేది. ఇద్దరం ఒక రేకుడబ్బాలో వాటిని పెంచినాం. పొద్దున్నే లేత తుమ్మాకు కోసి వేసేవాళ్లం. అవి ఆకును అంచునుంచి కొరుకుతుంటే, చెవి దగ్గర పెట్టుకొని వినేవాళ్లం. కరకరమని సన్న చప్పుడు. మధ్యాన్నం మెడకు దారం కట్టి గిరగిరా తిప్పితే బుర్రుమని ఎగిరేది. చచ్చినవాటి రెక్కలు గుండ్రంగా కత్తిరించి, తుమ్మబంకతో నుదుటికి అంటించుకొనేవాళ్లం. ఒకసారి దాని బొట్టు చూసి వాళ్లమ్మ, "క్యా రీ, ఈ తుమ్మబంకేంది మొకానికి, కడుక్కో పో" అని అరిచింది. బంక ఎండి, చర్మంతో సహా లేచొచ్చింది. ఆ వారమంతా దాని నుదుటి మీద ఎర్రమచ్చ ఉంది. దాన్ని చూసి నేను నవ్వితే, మూడు రోజులు నాతో మాట్లాడలేదు.

డబ్బాలో పురుగులు గుడ్లు పెట్టినాయి. నూనెరంగు గింజలు, బియ్యపు గింజకంటే రవ్వంత పొట్టి. మా ఇద్దరికీ కాళ్లు నిలవలేదు. చెట్టుమీద దొరికేవి ఎవరికైనా దొరుకుతాయి. మన ఇంట్లో పుట్టినవి ఉంటే మనమే గొప్ప. గుడ్లు పిల్లలయ్యేదెట్ల? సాయిబు కూతురు బడిలో అడిగితే పిల్లలు తలా ఒకటి చెప్పినారు. నేను నాయనను అడిగినాను.

నాయన చుట్ట ఆర్పకుండానే, "కోడి పొదగను ఎక్కడ కూర్చుంటుంది? మూలకు పోయి చీకట్లో కూర్చుంటుంది గదా. అట్లనే. ఎవరి చెయ్యీ తగలగూడదు, గాలి తగలగూడదు, వెచ్చగా ఉండాల" అన్నాడు. ఎగతాళికి అన్నాడో నిజంగానే అన్నాడో నాకు తెలియదు. నేను మాత్రం ఇల్లంతా కలయజూసినాను.

మాది ఒంటిగది ఇల్లు. ఎవరి చెయ్యీ తగలని చోటు అందులో ఎక్కడుంది? జొన్నల గంప రోజూ తీస్తారు. ఉప్పుకుండ, చింతపండు జాడీ పూటపూటా తీస్తారు. బట్టల మూట నాయన తలకింద పెట్టుకుంటాడు. మూలలో ఒకదానిమీద ఒకటి పేర్చిన కుండల దొంతి ఉంది. పై కుండలో జొన్నపిండి. దానికింద కొర్రలు. అన్నిటికన్నా కింది కుండలో బియ్యం. దాని మూతికి గుడ్డ కట్టి ఉండేది. ఉగాదికో, ఎవరైనా చుట్టం వస్తేనో తప్ప ఆ గుడ్డ విప్పరు. మేం తినేది జొన్నసంగటి, గోంగూర. అమ్మ వేడి సంగటి ముద్ద మధ్యలో గుంట చేసి చింతాకు పప్పు పోస్తే, చుట్టూ తవ్వుకొని తినేవాళ్లం. వరి బువ్వ కావాలని ఏడిస్తే, "పండక్కి" అనేది అమ్మ. ఏడాదంతా మా ఇంట్లో చెయ్యి తగలని చోటు అదొక్కటే.

అమ్మ ఫ్యాక్టరీకి పోయినప్పుడు, సాయిబు కూతురు పై కుండలు పట్టుకుంటే, నేను గుడ్డ విప్పి, బియ్యంలో మోచేతివరకు చెయ్యి పెట్టి, గుడ్లు లోపల కుప్పగా పోసినాను. బియ్యం చల్లగా ఉంటాయనుకున్నాను, వెచ్చగా ఉన్నాయి. తర్వాత పెట్టిన గుడ్లు గూడా అందులోనే పోసినాను.

ఆ రోజుల్లోనే బడికి కొత్త పంతులమ్మ వచ్చింది. ఒంగోలు పక్క మనిషి. మాట తీరే వేరు. ఒకసారి నేరుగా ఫ్యాక్టరీ షెడ్డులోకే వచ్చింది. చీరె కుచ్చిళ్లు ఎత్తిపట్టుకొని బురదలో నడుచుకుంటూ, "ఈ పలకలు చేసే పిల్లలు ఒక్కళ్లన్నా బడిలో ఉన్నారా అమ్మా?" అని అడిగింది. నా వైపు చూపించి, "ఈ పాప ఎవరమ్మాయి?" అన్నది. అమ్మ చేతులు కడుక్కొని లేచింది.

"నా కూతురే తల్లీ."

"పంపించండి. పొద్దున వచ్చి మధ్యాహ్నానికి ఇంటికొచ్చేస్తుంది. పొద్దున ఏం తిని వస్తుంది పాప? ఆకలితో ఉంటే చదువు ఎక్కదు, అందుకని అడుగుతున్నాను."

"బువ్వే తల్లీ. మేం రెండు పూటలా వరి బువ్వే తింటాం" అన్నది అమ్మ.

నేను తలెత్తి అమ్మ మొకం చూసినాను. అమ్మ చెయ్యి నా భుజం మీద గట్టిగా పడింది. నాకు నొప్పి పెట్టింది గానీ, ఎందుకో అర్థం కాలేదు.

బడికి పోవాలని నాకు అప్పటిదాకా లేదు. పంతులమ్మ పంపించమన్న తర్వాత వచ్చింది. సాయిబు కూతురు పలక మీద రాసి చెరిపేస్తుంటే, అందులో ఏముందో చెరిపేముందు నాకు తెలియాలని ఉండేది. అమ్మకు నాకంటే ఎక్కువ ఆశ. ఫ్యాక్టరీ మేస్త్రీని అడిగి, అంచు పెచ్చు లేచిన పలక ఒకటి తెచ్చింది. రాత్రి పూట దాన్ని తనే మళ్లీ మళ్లీ రుద్దింది. "నా మాదిరి నువ్వు పలకలు రుద్దవద్దు మే" అన్నది. అమ్మ నాకు అట్ల నేరుగా ఏమన్నా చెప్పడం అదే మొదలు.

ఆ బడిలో ఒక పద్ధతి ఉండేది. కొత్తగా చేరే పిల్లలంతా ఒకే శుక్రవారం వస్తారు. ఎవరి ఇంటినుంచి వాళ్లు బియ్యం తెచ్చి వరండాలో పెట్టిన పెద్ద గుండిగలో పోస్తారు. కొంచెం మాత్రం పళ్లెంలో ఉంచుకొంటే, పంతులమ్మ పిల్ల వేలు పట్టుకొని అందులో మొదటి అక్షరం దిద్దిస్తుంది. తర్వాత గుండిగలో బియ్యంతో బెల్లం పొంగలి వండి బడికంతా పెడతారు. ఆ పొంగలి కోసం పాత పిల్లలు పొద్దుటినుంచి గంటెలు మోగిస్తుంటారు.

ఆ పొద్దున అమ్మ తలంటి పోసింది. తడి జుట్టు తుడుస్తూ నన్ను బయట ఎండలో నిలబెట్టి, లోపలికి పోయి బియ్యం కట్టుకొచ్చింది. అమ్మ దొంతి దించి ఆ కింది కుండ విప్పిందని నాకు తట్టనే లేదు. నా కళ్లు నా కొత్త గౌను మీద ఉన్నాయి. అది సాయిబు కూతురు పాతది, కానీ నాకు కొత్తది.

బడి వరండాలో ఆడవాళ్లు చానామంది ఉన్నారు. ఊళ్లో పొలమున్న ఒక రైతు పెళ్లాం తన కొడుకును తీసుకొచ్చింది. ఆమె పళ్లెంలో పిడికెడు బియ్యం ఉంది. అమ్మ గుడ్డ విప్పి, పళ్లెంలోకి కొంచెం తీసి, మిగిలినవన్నీ గుండిగలో పోసింది. ధారగా, ఎత్తునుంచి పోసింది. అందరూ తిరిగి చూసినారు.

"ఏంది వదినా, అన్నీ పోస్తివి? ఇంట్లోకి ఉంచుకోరాదా?" అన్నది రైతు పెళ్లాం.

"ఇంట్లో లేకనా? రెండు పూటలా మేం తినే బియ్యమే" అన్నది అమ్మ.

పంతులమ్మ నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకొని నా చూపుడువేలు పట్టుకొన్నది. ఆమె దగ్గర సబ్బు వాసన, మల్లెపూల వాసన. నా వేలు బియ్యంలో దిగింది. కొంచెం వంపు తిరిగింది. వేలికింద ఏదో చిట్లి తడి తగిలింది. పంతులమ్మ చెయ్యి ఆగింది. ఆమె వంగి చూసింది. బియ్యపు గింజల మధ్య నూనెరంగు గింజలు. కొన్ని పగిలి ఉన్నాయి. సన్నటి తెల్లని పురుగొకటి మెల్లగా మెలికలు తిరుగుతున్నది.

పక్కనున్న పిల్లోడు, "పురుగులు! పురుగుల బియ్యం!" అని కేకేసినాడు. పిల్లలంతా గుండిగ మీద పడినారు. "దీంట్లో గూడా ఉన్నాయి!" "మన పొంగలి పోయె!" గంటెలు ఆగిపోయినాయి. పొంగలి వండే ఆమె గుండిగను పక్కకు లాగి, "ఇన్ని ఇళ్ల బియ్యం గంగలో కలిపితివి గదమ్మా. ముక్కిపోయినవి ఇంట్లో పెట్టుకోవాల గానీ బడికి తేవాల్నా?" అన్నది.

అమ్మ మోకాళ్ల మీద కూర్చొని, పళ్లెంలో గుడ్లు ఏరుతూ, "చూసుకోలేదమ్మా, పురుగు పట్టినాయి, చూసుకోలేదు" అంటున్నది. అమ్మ తప్పేమీ లేదని అందరికీ చెప్పాలని నాకనిపించింది. నేను పంతులమ్మ ఒళ్లోంచి లేచి నిలబడినాను. గట్టిగానే చెప్పినాను.

"మా బియ్యం ముక్కిపోలేదు! అవి నా బంగారు పురుగు గుడ్లు. నేనే పెట్టినా. ఎవరి చెయ్యీ తగలగూడదన్నాడు మా నాయన. మా ఇంట్లో బియ్యం కుండ పండగదాకా ఎవరూ ముట్టుకోరు గదా, అందుకే అందులో పెట్టినా."

రైతు పెళ్లాం నోటికి కొంగు అడ్డం పెట్టుకొన్నది. "రెండు పూటలా అంటివే వదినా!" అన్నది. ఆమె నవ్వుతో మొదలై వరండా అంతా నవ్వింది. పిల్లలకు ఎందుకో తెలియకపోయినా వాళ్లూ నవ్వినారు. సాయిబు కూతురు గూడా నవ్వింది, తర్వాత నన్ను చూసి ఆపుకొన్నది. నవ్వనిది పంతులమ్మ ఒక్కతే. ఆమె అమ్మ వైపు చూడకుండా, గోడ వైపు చూసింది. అదే అన్నిటికన్నా ఎక్కువ గుచ్చుకొన్నది.

అమ్మ ఏరడం ఆపింది. మెడ వంచుకొనే ఉంది. చెవుల దగ్గర, పలకల పొడి పోయిన చోట, చర్మం ఎర్రబడింది. నేనేం చెప్పినానో అప్పుడు నాకు తెలిసింది. ఎవరూ విప్పి చెప్పలేదు, ఆ ఎరుపు చూసి తెలిసింది.

"పర్లేదమ్మా, బియ్యం ఎక్కడైనా దొరుకుతాయి. పాపను కూర్చోనివ్వండి" అన్నది పంతులమ్మ. అమ్మ, "మళ్లీ తెస్తా తల్లీ" అని పళ్లెం చంకలో పెట్టుకొని, నా చెయ్యి పట్టుకొని దిగింది. కొట్టలేదు. కొడితే బాగుండేది.

ఇంటికొచ్చి పళ్లెంలోవి చాటలో పోసుకొని, వాకిట్లో ఎండకు కూర్చొని గుడ్లు ఒక్కొక్కటే ఏరింది. ఏరినవి పారేయలేదు. ఖాళీ అగ్గిపెట్టెలో పోసి, నా చేతిలో పెట్టి, "నీవి" అన్నది. ఆ బియ్యం మూడుసార్లు కడిగి వండింది. పండగ కాని, చుట్టం రాని రోజు మా ఇంట్లో వరి బువ్వ వండడం అదే మొదలు. నాయన వచ్చి, సంగతి విని, మొదట నవ్వినాడు. "నేను నవ్వులాటకంటే నిజమనుకొంటివా మే?" అన్నాడు. అమ్మ మొకం చూసి మానుకొన్నాడు. ముగ్గురం తిన్నాం.

సాయంత్రం సాయిబు కూతురు గడప బయటే నిలబడి, "రేపు రమ్మన్నది పంతులమ్మ. బియ్యం తేవద్దంట" అని చెప్పి పరుగెత్తింది. వీధిలో ఎవరో పిల్లోడు, "పొంగలి పురుగా!" అని పిలిచినాడు. పిలిచింది నన్నేనని తెలిసి నేను, నన్ను కాదన్నట్ల అమ్మ, ఇద్దరం అట్లనే కూర్చున్నాం.

ఇప్పుడు అనుకుంటాను. ఆ పంతులమ్మ మంచిది. ఆ నవ్వు నాలుగు రోజులుండి పోయేది. పిల్లల ఎగతాళి ఎన్నాళ్లు నిలుస్తుంది? నేను ఆ మరుసటి పొద్దున్నే బడికి పోయి ఉంటే, ఒక వారానికి ఇంకెవరికో ఇంకో పేరు పెట్టి ఉంటారు. అది ఈ వయసులో తెలిసింది. అమ్మ పోయేదాకా ఆ సంగతి మా మధ్య ఎత్తలేదు. అమ్మ అబద్ధం చెప్పిందని నేను ఎన్నడూ అనుకోలేదు. మా ఇంట్లో రోజూ వరి బువ్వ ఉండదన్నది మాకు తెలిసిన మాట, ఊరికి తెలియని మాట. దాన్ని ఊరికి ఇచ్చింది నేను. అమ్మను కాపాడాలనే ఇచ్చినాను. ఆ సిగ్గు ఇప్పుడు రాస్తుంటే గూడా చెవుల దగ్గర వేడిగా తగుల్తుంది.

మరుసటి పొద్దున అమ్మ దువ్వెన తీసుకొని, జడ వేస్తాను రమ్మని పిలిచింది. నేను అప్పటికే లేచి, జుట్టు నేనే ముడేసుకొని, అమ్మ సంగటి ముంత నెత్తిన పెట్టుకొని ఫ్యాక్టరీ దారి మీద నిలబడినాను. అమ్మ గడపలోంచి చానాసేపు చూసింది. పొమ్మనలేదు, రమ్మనలేదు. తర్వాత తలుపు దగ్గరగా వేసి వచ్చింది. ఫ్యాక్టరీకి బడి ముందునుంచి పోయేదే దగ్గరి దారి. ఇద్దరం గనుల వెనకనుంచి, చుట్టు తిరిగి పోయినాం.